ఏ జంతుశాలకు పోవలెను?

సెలవులు వచ్చినతోడనే బాలబాలికలకు కాలు నిలువదు. "ఎక్కడికి పోదము?" అను ప్రశ్న ఇంటింటను పుట్టును. తండ్రి ఖర్చు లెక్క చూచుకొనును. తల్లి దారిలో తినుటకు పులిహోర కలుపవలెనా, దద్దోజనము కట్టవలెనా యని ఆలోచించును. నాయనమ్మ తన మోకాళ్లను తడవి చూచుకొనును. ఇట్టి ఆలోచనలలో గుళ్లు, కోటలు, సముద్రతీరములతో పాటు తప్పక వినవచ్చు పేరు జంతుప్రదర్శనశాల. పిల్లలు జూ అని పిలుచునది ఇదియే. చంటిబిడ్డ మొదలు ముదుసలి వఱకు అందఱకును ఒకేసారి వినోదము కలిగించు చోట్లు అరుదు. వానిలో ఇది యొకటి.

అయినను ఏ జంతుశాలకు పోవలెను, ఎప్పుడు పోవలెను, పోయి యేమి చూడవలెను అను మూడు ప్రశ్నలను గూర్చి ఆలోచించువారు తక్కువ. ఇది స్వల్పవిషయమని పలువురు తలతురు. కాని దినకూలితో బ్రదుకు కుటుంబము ఒకనాటి విహారమునకై ఒకనాటి కూలి మానుకొనవలెను. బండి కిరాయి, ప్రవేశరుసుము, తిండి ఖర్చు దానికి తోడగును. ఏడాదికొకమాఱు వచ్చు ఆ దినము కాళ్ల నొప్పులతోను, పిల్లల ఏడ్పులతోను, "సింహము నిద్రపోవుచునే యుండెను" అను నిట్టూర్పుతోను ముగిసినచో అది స్వల్పనష్టము కాదు. మఱియొక సంగతియు కలదు. ప్రజలు ఎట్టి జంతుశాలలను మెచ్చుదురో అట్టివే వర్ధిల్లును. కాబట్టి ఈ ఎంపికలో కుటుంబపు సుఖము మాత్రమే కాక, నోరులేని జంతువుల సుఖము కూడ ఇమిడియున్నది.

సాధారణముగా ఈ ఎంపిక ఎట్లు జరుగును? "ఎక్కడ ఎక్కువ జంతువులున్నవి?" అని పెద్దలు అడుగుదురు. "తెల్లపులి యున్నదా?" అని పిల్లలు అడుగుదురు. "ఎక్కుటకు చిన్నరైలు కలదా?" అని అందఱికంటె చిన్నవాడు అడుగును. ఈ ప్రశ్నలు తప్పు కావు, కాని చాలవు. మంచి ఎంపికకు మూడు పరీక్షలు కావలెను. అచ్చటి జంతువు ఎట్లు బ్రదుకుచున్నది? ఇది మొదటి పరీక్ష. కుటుంబములో అందఱికంటె బలహీనులైనవారు అచ్చట సుఖముగా తిరుగగలరా? ఇది రెండవది. ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట మనస్సున ఏమి నిలుచును? ఇది మూడవది. ఈ మూటిని వివరించుటకు ముందు జంతుశాలల పుట్టుకను కొంచెము తెలిసికొనుట మంచిది.

దక్షిణదేశపు జంతుశాలల చరిత్రలో చెన్నపట్టణమునకు పెద్ద స్థానము కలదు. 1855వ సంవత్సరమున ఎడ్వర్డు బాల్‌ఫర్ అను వైద్యుడు తన అధీనములోని మదరాసు మ్యూజియముతో పాటు ఒక జంతుశాలను కూడ నెలకొల్పెను. సజీవ జంతువులను చూచుటకు జనులు తండోపతండములుగా వచ్చిరి. తరువాత జంతువులను వేఱొక తోటకు మార్చిరి. చెన్నపట్టణపు సామాన్యజనులు మ్యూజియమునకు 'చచ్చిన కాలేజి' యనియు, జంతుశాలకు 'బ్రతికిన కాలేజి' యనియు పేర్లు పెట్టుకొనిరి. నవ్వు పుట్టించు ఈ పేర్లలో గొప్ప సత్యము దాగియున్నది. అక్షరము రాని పల్లెవాసి సైతము అది వట్టి వినోదశాల కాదనియు, ఏదో నేర్చుకొనదగిన చోటనియు గ్రహించెను. ఆ జంతుశాల నేడు నగరమధ్యమున లేదు. 1985లో వండలూరు అడవి ప్రక్కకు తరలిపోయినది. అచ్చట దానికి 600 హెక్టార్ల స్థలము కలదు. ఇరుకు బోనులనుండి అడవి అంచునకు జరిగిన ఈ ప్రయాణము, జంతువులను గూర్చిన మనుష్యుల భావము మాఱిన తీరునకు సాక్ష్యము.

హైదరాబాదు చరిత్రయు ఇట్టిదే. పూర్వము అచ్చటి పబ్లిక్ గార్డెన్సులో చిన్న జంతుశాల యుండెను. 1959 అక్టోబరు 26వ తేదీన మీర్ ఆలం చెఱువు చెంత నెహ్రూ జంతుప్రదర్శనశాల స్థాపింపబడినది. 1963 అక్టోబరు 6వ తేదీన ప్రజలకు దాని ద్వారములు తెఱువబడినవి. దాని విస్తీర్ణము 380 ఎకరములు. పాత తోటనుండి 1963లో వచ్చిన ఒక మహాకూర్మము 2024లో, సుమారు 125 ఏండ్ల ప్రాయమున కన్నుమూసినది. తాతలు బాల్యమున చూచిన ప్రాణినే మనుమలు కూడ చూచి ఆనందించిరి.

విశాఖపట్టణమున కంబాలకొండ అటవీప్రాంతములో ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల కలదు. అది 1977 మే 19వ తేదీన ప్రజలకు తెఱువబడినది. 625 ఎకరములలో వ్యాపించిన ఈ శాలకు మూడువైపుల తూర్పుకనుమలు, నాలుగవ వైపున బంగాళాఖాతము. తిరుపతిలో శేషాచల పర్వతపాదమున 1987లో శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల ఏర్పడినది. 5,532 ఎకరములు గల ఈ శాల విస్తీర్ణమున మిక్కిలి పెద్దది. పురాణేతిహాసములలో పేర్కొనబడిన జంతువులను చూపవలెనను తలంపు దీని స్థాపనకు మూలము. హనుమకొండలో కాకతీయుల పేరిట ఒక చిన్న జంతుశాల కలదు. పొరుగున మైసూరులో 1892లో వెలసిన జంతుశాల నేటికిని యాత్రికులను ఆకర్షించుచున్నది. ఇన్నిటిలో ఒకదానిని ఎన్నుకొనవలసి యున్నది.

ఇక మొదటి పరీక్ష. జంతువు ఎట్లు బ్రదుకుచున్నదో తెలిసికొనుట కష్టము కాదు; కనులు తెఱచి చూచిన చాలును. దాని పాదములక్రింద మట్టియు గడ్డియు ఉన్నవా, లేక సిమెంటు గచ్చు మాత్రమే కలదా? ఎండవేళ చేరుటకు చెట్టునీడ కలదా? త్రాగుటకే కాక, మునుగుటకు నీరు కలదా? జింకలు, కోతులు మందలుగా బ్రదుకు జాతులు. వానికి తోడు కలదా? పులి యొకే బాటను పట్టుకొని అటునుండి ఇటు, ఇటునుండి అటు గంటల తరబడి తిరుగుచున్నచో అది వ్యాయామము కాదు. దానికి తోచుట లేదనుటకు గుర్తు.

వీనిలో ముఖ్యమైన గుర్తు మఱియొకటి కలదు. జంతువు మనుష్యుల చూపునకు అందకుండ దాగుకొనుటకు చోటు ఉండవలెను. ఇది వినుటకు వింతగా నుండును. రుసుము చెల్లించి వచ్చినవారికి జంతువు కనబడకపోయినచో ఏమి లాభమని ప్రశ్నింపవచ్చును. కాని రోజంతయు వేలకొలది కన్నులు తనను గ్రుచ్చి చూచుచుండగా, మఱుగు లేని గదిలో నివసించుట ఎవరికి ఇష్టము? పొదచాటున పండుకొన్న చిఱుతపులి తోకకొన మాత్రము కనబడినచో, ఆ శాలను నిందింపరాదు. అచ్చట జంతువునకు మర్యాద దక్కుచున్నదని సంతోషింపవలెను.

ఈ మర్యాదకు చట్టము కూడ అండగా నిలిచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి, దాని ననుసరించి 1992లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థను నెలకొల్పిరి. ఆవరణల వైశాల్యము, ఆహారము, వైద్యము మొదలగువానిని ఈ సంస్థ పరిశీలించును. దాని గుర్తింపు లేక దేశమున ఏ జంతుశాలయు నడువరాదు. వారమున కొకదినమైనను జంతుశాలను సందర్శకులకు మూసియుంచవలెనను నియమము కూడ కలదు. పాఠశాలకు ఆదివారమెట్లో జంతువులకు ఆ దినమట్లు. హైదరాబాదు, విశాఖ శాలలకు సోమవారము, తిరుపతి శాలకు మంగళవారము సెలవు. ఈ సంగతి తెలియక దూరమునుండి వచ్చి మూసిన ద్వారమును చూచి మఱలిపోవు కుటుంబములు కలవు. కావున బయలుదేరుటకు ముందే సెలవు దినమును విచారించి తెలిసికొనవలెను.

తెల్లపులి మాట ఇచ్చట కొంత వివరింపదగినది. దానిని చూచుటకు పిల్లలు మిక్కిలి ఉబలాటపడుదురు. తెల్లపులి వేఱొక జాతి కాదు, సాధారణమైన పులియే. పుట్టుకలో కలిగిన ఒక మార్పుచేత దాని చర్మమునకు పసుపు వన్నె రాలేదు. 1951లో రీవా సంస్థానపు అడవిలో ఒక తెల్లపులి కూన దొఱకినది. దానికి మోహన్ అని పేరు పెట్టిరి. తెల్లని సంతతి కావలెనను కోరికతో దానికి దాని కూతురితోనే జతకూర్చిరి. 1958లో తెల్లని కూనలు పుట్టినవి. నేడు జంతుశాలలలోని తెల్లపులులలో పెక్కింటికి ఆ మోహనే మూలపురుషుడు. దగ్గఱి రక్తసంబంధము గల జంతువులకు తరతరములుగా జతకూర్చుటచేత మెల్లకన్ను మొదలగు లోపములు వానిలో కలుగుచున్నవి. ఆ పులి చేసిన తప్పేమియు లేదు. చూడముచ్చటయైన దానిని ప్రేమతోనే చూడవలెను. కాని తెల్లపులి యున్నదను ఒక్క కారణముచేత ఒక శాలను గొప్పదనుట, లేదను కారణముచేత మఱియొకదానిని తక్కువదనుట వివేకము కాదు. వింత కొఱకు జనులు ఎగబడినచో వింతలే పెంచబడును.

అట్లయినచో జంతుశాల గొప్పతనము దేనిలో నున్నది? అది చేయు పనిలో నున్నది. నల్లమల అడవులలో మూషికజింక యను చిన్న ప్రాణి కలదు. అది కుందేలు కంటె కొంచెమే పెద్దది. ఆకులలో కలిసిపోవు చుక్కల చర్మము కలది. దాని సంఖ్య తగ్గిపోవుచుండుటచేత, 2010లో హైదరాబాదు జంతుశాలయు, ఆ నగరమందలి జీవశాస్త్ర పరిశోధకులును కలిసి దానిని పెంచి సంతతి వృద్ధి చేయ మొదలిడిరి. 2017లో కొన్ని మూషికజింకలను అమ్రాబాదు అడవిలో విడిచిరి. అడవినుండి జంతుశాలకు వచ్చుట లోకమెఱిగినదే. జంతుశాలనుండి అడవికి పోవుట కదా విశేషము! పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందుచేత దేశమున రాబందులు దాదాపు నశించినవి. పశువైద్యములో ఆ మందును 2006లో నిషేధించిరి. మిగిలిన రాబందుల సంతతిని పెంచు కేంద్రము కూడ హైదరాబాదు శాలకు కలదు. విశాఖ శాల అడవికుక్కల సంతతిని వృద్ధి చేయుటలో పేరు పొందినది. రేచుకుక్కలని పల్లెజనులు పిలుచునవి ఇవియే. సర్కసులలో పులులను, సింహములను ఆడించుట నిషేధింపబడిన పిమ్మట, ఆ జంతువులకు ముదిమిలో తలదాచుకొను చోటు విశాఖయందును, తిరుపతియందును ఏర్పడినది. ఇట్టి పనులు ప్రకటనపలకలమీద పెద్ద అక్షరములతో కానరావు. కాని సందర్శకుడు చెల్లించు రుసుములో కొంత ఇట్టి పనులకు తోడ్పడునని తెలిసినచో ఆ ఖర్చు భారమనిపింపదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాకమానదు. "స్వేచ్ఛగా తిరుగవలసిన జంతువులను చెఱలో నుంచి చూచుట పాపము కాదా? అసలు పోకుండుటయే మేలు కదా?" అని కొందఱు అందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఎంత పెద్ద ఆవరణయైనను అడవి కాదు. పులి అడవిలో ఒక రాత్రి తిరుగు దూరము ఏ ఆవరణలోను ఇమడదు. ఈ లోటును ఒప్పుకొనవలసినదే. కాని నేడు జంతుశాలలలో నున్న జంతువులలో పెక్కు అచ్చటనే పుట్టినవి. కొన్ని గాయపడియో, తల్లిని కోల్పోయియో, సర్కసునుండి విడుదలయియో వచ్చినవి. వానికి అడవిలో వేటాడి బ్రదుకుట తెలియదు. తలుపు తెఱచి విడిచినచో అది దయ కాదు, మరణమునకు అప్పగించుటయే. మఱియు నగరమున పుట్టి పెరిగిన బాలుడు ఏనుగును చిత్రమున మాత్రమే చూచినచో, ఏనుగుల అడవిని నఱికివేయుచున్నారన్న వార్త అతని మనస్సును తాకదు. దాని చెవుల విసరును, తొండపు నేర్పును కన్నులార చూచినవానికి ఆ వార్త బంధువు కష్టమువలె తోచును. కాబట్టి పోకుండుట కాదు, మంచి శాలను ఎన్నుకొని మర్యాదతో పోవుటయే సరియైన మార్గము. చెడ్డ శాలను మానుకొనుట కూడ ఆ మార్గములోనిదే. పామును మెడలో వేసి, కోతిచే ఆటలాడించి సొమ్ము గడించు చోట్లకు పిల్లలను కొనిపోరాదు.

రెండవ పరీక్ష కుటుంబమునకు సంబంధించినది. కుటుంబపు నడక అందఱికంటె వేగముగా నడచువానిని బట్టి కాక, అందఱికంటె మెల్లగా నడచువారిని బట్టి నిర్ణయింపవలెను. నాయనమ్మకు ఎంత దూరమునకు ఒక బల్ల దొఱకును? చంటిబిడ్డ నిద్రించుటకు నీడ కలదా? మంచినీరు, మరుగుదొడ్లు ఎచ్చట ఉన్నవి? నడువలేని వారికై బండ్లు కలవా? హైదరాబాదు శాలలో విద్యుత్తుతో నడచు బండ్లు తిరుగుచున్నవి. పెద్దలకు ఇట్టి బండి, చిన్నవారికి చిన్నరైలు మంచి సౌకర్యములే. అయితే బండి దిగక జంతుశాలయంతయు చుట్టివచ్చుట, పుస్తకము తెఱవక అట్ట మీది బొమ్మ చూచుట వంటిది.

దూరమును గూర్చి కూడ ఆలోచింపవలెను. పేరుమోసిన శాల దూరమున నున్నదని, రాత్రియంతయు బస్సులో మేలుకొని, పగలంతయు ఎండలో తిరిగి, మఱల రాత్రి బస్సెక్కువారు కలరు. అట్టివారికి జంతువుల కంటె ఆవులింతలే ఎక్కువగా జ్ఞాపకముండును. శ్రీకాకుళము, విజయనగరముల వారికి విశాఖ, నెల్లూరు, కడప, చిత్తూరుల వారికి తిరుపతి, కర్నూలు, మహబూబునగరుల వారికి హైదరాబాదు దగ్గఱ. ఓరుగల్లు ప్రాంతమువారికి హనుమకొండలోని చిన్నశాలయే ఒక పూటకు చాలును. దగ్గఱనున్న శాలకు మఱల పోవచ్చును. దూరమునున్న శాలకు మఱల పోవుట కలలోని మాట. తిరుమల దర్శనము చేసికొని, బండి వేళకు మిగిలిన రెండు గంటలలో జంతుశాలను కూడ ముగించవలెనని పరుగెత్తుట మఱియొక పొరపాటు. అయిదువేల ఎకరముల శాల రెండు గంటల పని కాదు. వీలున్నచో దానికి వేఱొక దినము కేటాయింపవలెను. లేనిచో మఱియొక యాత్రకు వాయిదా వేయవలెను.

కాలము కూడ ముఖ్యము. వేసవిసెలవులు దీర్ఘములే కాని, మేనెలలో మిట్టమధ్యాహ్నము జంతువులును మనుష్యులును ఒక్కతీరుగనే నీడను వెదకుకొందురు. ఆ దినములలో జంతుశాలలవారు ఆవరణలపై నీరు చిలికింతురు. జంతువులకు చలువచేయు పండ్లు పెట్టుదురు. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు విహారమునకు అనువైనవి. కాని కనుమనాడు జనసమ్మర్దము మిక్కుటము. ఆనాడు జింకల కంటె జనుల వీపులే ఎక్కువగా కానవచ్చును. పండుగకు ముందో తరువాతనో, పనిదినమున, ద్వారము తెఱచు వేళకే చేరువారు బుద్ధిమంతులు. ప్రాతఃకాలమున పక్షులు పలుకును, జింకలు మేయును, ఎలుగుబంట్లు తిరుగును. సింహము మాత్రము దినమున చాల భాగము నిద్రించు జంతువు. అడవిలోను దాని స్వభావమట్టిదే. చిన్నయసూరి నీతిచంద్రికలోని పింగళకునివలె అది మంత్రులతో ఆలోచనలు చేయుచుండునని పిల్లలు ఎదురుచూడరాదు.

మూడవ పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది. ఏమి చూచి రావలెను? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. కుటుంబము నాలుగు గంటలు లోపల ఉండునని అనుకొనుడు. అనగా 240 నిమిషములు. నడకకు, భోజనమునకు, విశ్రాంతికి సగము పోగా మిగిలినవి 120 నిమిషములు. నూఱు ఆవరణలను చూడదలచినవారికి ఒక్కొక్కదానికి ఒక నిమిషమునకు కొంచెము మించి మాత్రమే దొఱకును. పది ఆవరణలను మాత్రమే ఎన్నుకొన్నవారికి ఒక్కొక్కదానికి పండ్రెండు నిమిషములు దొఱకును. నూఱు జంతువులను చూచినవాడు "నేను నూఱు చూచితిని" అని చెప్పగలడు. పది జంతువులను చూచినవాడు ఒక్కొక్కదానిని గూర్చి ఒక కథ చెప్పగలడు. ఎవరి మాట వినుటకు ఇంపుగా నుండును?

పండ్రెండు నిమిషములు నిలిచినవానికి ఏమేమి కనబడును? మొసలి నోరు తెఱచుకొని రాయివలె పడియుండును. తొందరపాటువాడు అది బొమ్మ యనుకొని పోవును. దుడుకువాడు రాయి విసరును. నిలిచి చూచినవాడు ఎందుకట్లు నోరు తెఱచినదని ప్రశ్నించును. నోటిద్వారా ఒంటి వేడిని తగ్గించుకొనుటకని తెలిసికొనును. ఏనుగు చెవులు ఊపుట ఈగలను తోలుటకు మాత్రమే కాదు. చెవులలోని సన్నని నరములలో పాఱు నెత్తురు ఆ విసరుచేత చల్లబడును. పోతన భాగవతములో గజేంద్రుని కథ చదివిన పిల్లలు ఈ రెండు జంతువులను ఒకే దినమున చూచినచో, నీటిలో మొసలి బలమెట్టిదో, నేలపై ఏనుగు బలమెట్టిదో తమంతట తామే ఊహించుకొందురు.

చూడదగిన పదింటిలో ఈ నేలకు చెందిన జంతువులకు మొదటి స్థానము ఈయవలెను. జిరాఫీని, నీటియేనుగును చూచుటకు పరుగెత్తువారు కృష్ణజింకను, చుక్కలదుప్పిని "జింకలే కదా" అని దాటిపోవుదురు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. చుక్కలదుప్పి తెలంగాణ రాష్ట్రజంతువు. ఇంటి జంతువులను ఎఱుగక పరదేశపు జంతువుల పేర్లు వల్లించుట, పొరుగూరి చుట్టములను మెచ్చుకొనుచు ఇంటి పెద్దలను పలుకరింపకుండుట వంటిది. ఇంకొక సంగతి కూడ పిల్లలు ఎఱుగవలెను. అన్ని ప్రాణులును జంతుశాలలో దొఱకవు. కడపసీమలో కలివికోడి యను పక్షి కలదు. అది అంతరించినదని చాలకాలము భావించిరి. 1986లో లంకమల ప్రాంతమున మఱల కనుగొనిరి. ఏ జంతుశాలలోను దానిని చూడజాలరు. అది బ్రదుకవలెనన్నచో దాని చిట్టడవి బ్రదుకవలెను. జంతుశాల అడవికి బదులు కాదను పాఠమును ఆ కానరాని పక్షి నేర్పుచున్నది.

ఎంత మంచి శాలనైనను చెడుగొట్టు శక్తి సందర్శకులకు కలదు. జంతువులను కవ్వించుట, వానికి ఆహారము వేయుట, కేకలతో కలతపెట్టుట, ఆవరణలలో చెత్త వేయుట ఇవి యన్నియు చట్టరీత్యా నేరములు. ప్రేమతో వేసిన వేరుసెనగలే కోతికి రోగకారణములు కావచ్చును. గాలికి ఎగిరిపోయిన ప్లాస్టిక్ సంచి జింక కడుపులో చేరినచో అది అరుగదు, సులభముగ వెలికి రాదు. మనుష్యుల రోగములు సైతము జంతువులకు సోకగలవు. 2021 మేనెలలో హైదరాబాదు శాలలోని ఎనిమిది సింహములకు కోవిడ్ సోకినట్లు తేలినది; శాల ద్వారములు మూసి, చికిత్స చేసి, వానిని కాపాడిరి. 2024 ఫిబ్రవరిలో తిరుపతి శాలలో సింహపు ఆవరణలోనికి దిగిన ఒక వ్యక్తి ప్రాణములు కోల్పోయెను. కంచె జంతువును ఆపుటకు మాత్రమే కాదు. మనుష్యుని ఆపుటకును కట్టబడినది. ఛాయాచిత్రము కొఱకు దానిమీదికి ప్రాకుట సాహసము కాదు, అవివేకము.

ఇన్ని సంగతులు తెలిసిన పిమ్మట ఎంపిక కష్టముగా తోచదు. ప్రయాణమునకు ముందురోజు సాయంకాలము ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండవలెను. దగ్గఱనున్న మంచి శాల ఏదో, ఆ దినము అది తెఱచియుండునో లేదో విచారింపవలెను. ప్రతి ఒక్కరును తమకు మిక్కిలి ఇష్టమైన రెండేసి జంతువుల పేర్లు చెప్పవలెను. అయిదుగురున్న ఇంటిలో పది పేర్లు వచ్చును. చిన్నవాని చిన్నరైలు కోరికను త్రోసివేయక చివర నుంచవలెను. అలసిన కాళ్లకు అది విశ్రాంతి కూడ నగును. నాయనమ్మ కోరిక నెమలి యైనచో, నెమలి చెంతనే పులిహోర పొట్లము విప్పవచ్చును. తిన్న పిమ్మట ఆకులను, కాగితములను పోగుచేసి చెత్తతొట్టిలో వేయవలెను. అలసట కలుగకమునుపే, ఇంకను కొంత చూడవలెనను కోరిక మిగిలియుండగనే ఇంటికి మఱలవలెను. మిగిలిన కోరికయే మఱుసటి సెలవులకు విత్తనము.

ఉత్తమమైన జంతుశాల ఏది? అన్నిటికంటె పెద్దది కాదు, అన్నిటికంటె దూరమైనది కాదు, వింతలు ఎక్కువగా కలది కాదు. జంతువు తలదాచుకొనుటకు నీడయు, ముసలివారు కూర్చుండుటకు నీడయు గలదై, చూచినవాని మనస్సులో ఒక ప్రశ్నను, కొంత దయను నాటి పంపునదియే ఉత్తమమైనది. పూర్వులు దానిని 'బ్రతికిన కాలేజి' యని పిలిచిరి. ఆ కాలేజిలో ఉపాధ్యాయులకు మాటలు రావు. కావున విద్యార్థులే మౌనముగ నిలిచి, ఓర్పుతో చూచి, నేర్చుకొనవలెను.